సీసాల షెడ్డుకి వెళ్లని అడుగులు

అడుగుచాప మొట్టమొదట బయటపెట్టిన రహస్యం ఎవరికీ పనికొచ్చేది కాదు. కాకినాడలోని శ్రమ న్యాయ పరిశోధనశాల వరండాలో దాన్ని పరిచి వారం తిరక్కుండానే తెలిసిందేమిటంటే, అకౌంటెంటు కామేశం గారు ఎటు నడిస్తే అటు జనం పలచబడుతున్నారని. కంప్యూటరు తెర మీద ఆయన అడుగులు పచ్చచుక్కలుగా కదులుతుంటే మిగతా చుక్కలన్నీ గోడవైపో మెట్లవైపో జరిగిపోతున్నాయి. పాపం, ఆయనకి ఏ చెడ్డపేరూ లేదు. దొరికిన ప్రతివాళ్లకీ తన షుగరు జబ్బు పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం ఒక్కటే ఆయన చేసిన నేరం.

"చాప దూరం చూపిస్తుంది, కారణం చెప్పదు. కారణం కనుక్కోవడం మన పని. తొందరపడకండి," అని సువర్చల తన దగ్గర పనిచేసే ఇంజనీర్లకి ఆ రోజు బోధ చేసింది. చెప్పినంత బాగా తనూ గుర్తుపెట్టుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

చాపని కనిపెట్టింది సువర్చలే. మనిషికీ మనిషికీ నడకలో తేడా ఉంటుంది. ఒకరు మడమ మీద బరువు వేస్తారు, ఒకరు వేళ్ల మీద. ఒకటి రెండు రోజులు తొక్కితే చాలు, చాపకి ఆ నడక పట్టుబడిపోతుంది. ఆ తరవాత ఆ కాళ్లు ఎక్కడ నిలబడుతున్నాయి, ఎవరొస్తే పక్కకి తప్పుకుంటున్నాయి, ఎవరిని చూసి మిగతావాళ్లు తప్పుకుంటున్నారు అన్నీ రాసుకుంటుంది. కెమెరా లేదు, మైకు లేదు. పేరు, కులం, మతం, ఆడా మగా ఏదీ దానికి తెలియదు.

పనిచోట వివక్ష కూడదని చట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి. లేనిదల్లా ఫిర్యాదు చేసే నోరు. పొద్దున్న ఫిర్యాదు చేస్తే సాయంత్రానికి కొలువు ఉండదని అందరికీ తెలుసు. అందుకే కొత్త సవరణ వచ్చింది. ఇక మనిషి నోరు విప్పనక్కర్లేదు, చాప చూపించిన దూరమే ఫిర్యాదు కింద లెక్క. దానికి రెండు షరతులు పెట్టారు. చాప ఇచ్చిన గీతల్లో ఒక్కటి చెరిపినా మొత్తం చెల్లదు. ఏ అడుగులు ఎవరివో పరిశోధనశాల వాళ్లకి తెలిసినా పెదవి విప్పకూడదు. ఆ రెండు షరతులూ పట్టుబట్టి రాయించింది కూడా సువర్చలే.

గంగలంక దగ్గరున్న సోమిదేవమ్మ పచ్చళ్ల ఫ్యాక్టరీలో చలికాలం చివర్లో చాప పరిచారు. ఉసిరికాయ, చింతకాయ అయిపోయి మామిడికాయ మొదలయ్యేసరికి ఇంజనీర్లు దిగాలు మొహాలతో వచ్చారు.

"చాప చెడిపోయినట్టుందండీ మేడమ్," అన్నాడు వాళ్లలో పెద్దవాడు శ్రీకర్. "పచ్చళ్లు కలిపే గదిలో ఉండే అడుగులు ఉన్నట్టుండి సీసాలు కడిగే షెడ్డులోకి పోతున్నాయి. కొన్నాళ్లుండి తిరిగొస్తున్నాయి. మళ్లీ నెలకి అదే వరస. ఒక్కొక్కటీ ఒక్కో వారం. ఉప్పు తేమకి తీగలు దెబ్బతిన్నట్టున్నాయి. ఆ ఊగిసలాట తీసేసే ప్రోగ్రాం రాసేశాం. ఇప్పుడు గీతలన్నీ తిన్నగా వస్తున్నాయి."

సువర్చల తెర చూసింది. తరవాత కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది.

"నాయనా, నీకు పెళ్లయింది కదా?" అని అడిగింది.

"అయిందండి."

"అయినా చాపే చెడిపోయిందంటావు."

శ్రీకర్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. మిగతా ఇద్దరూ ఫ్యాను రెక్కల కేసి శ్రద్ధగా చూడసాగారు. ముట్టు సమయంలో ఆడవాళ్లు పచ్చడి జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందన్న నమ్మకం ఆ గదిలో ఉన్న ప్రతివాళ్ల ఇంట్లోనూ ఉన్నదే. దాన్ని ఫ్యాక్టరీ కూడా పాటిస్తోందని ఎవరికీ తట్టలేదంతే. రాసిన ప్రోగ్రాంని అక్కడికక్కడే తీయించేసి, ముడి గీతల్ని మళ్లీ తెప్పించింది సువర్చల.

పరిశోధనశాల డైరెక్టరు శేషాచలం గారికి మాత్రం చెప్పగానే తలకెక్కింది. మంచి మనిషి, కేసు దొరికితే ఆకలి మర్చిపోయే మనిషి. మూడు గంటలు తిరక్కుండానే ఫ్యాక్టరీ నియమావళి తెప్పించి చదివేశారు. మామిడికాయ సీజనంతా తెరిపి లేకుండా కలిపే గదిలో పనిచేసినవాళ్లకే పర్మనెంటు ఉద్యోగం. షెడ్డులో చేసిన రోజులు ఆ లెక్కలోకి రావు. అంటే ఆడమనిషన్నది ఎన్నేళ్లు చేసినా పర్మనెంటు కాదు. పర్మనెంటు అయినవాళ్లంతా ఉప్పు బస్తాలు మోసే మగవాళ్లే. కలిపేదంతా ఆడవాళ్లు, సీసా మీద అచ్చేసేది 'అమ్మ చేతి కమ్మదనం' అని.

"కడిగిన ముత్యంలాంటి కేసమ్మా ఇది!" అన్నారాయన. అని, తెర మీద ఒకచోట వేలు పెట్టారు. "ఇదేమిటి?"

అన్ని గీతలూ నెలనెలా షెడ్డువైపు వంగుతుంటే ఒక్కటి మాత్రం మూడు నెలలుగా తిన్నగా ఉంది. కలిపే గది దాటలేదు.

"ఓనరు గారి చుట్టమై ఉంటుంది. ఈవిడికో న్యాయం, మిగతావాళ్లకో న్యాయం. రాసుకో," అన్నారు శేషాచలం గారు.

సువర్చల రాసుకోలేదు. ఆ గీతని పెద్దది చేసి చూసింది. కుడిపాదం పడగానే కొంచెం బయటికి తిరుగుతోంది. రెండేళ్ల కిందట స్కూటరు మీంచి పడి చీలమండ విరిగితే, తనే కాకినాడ ఆసుపత్రిలో పక్కనుండి కట్టు కట్టించింది. ఆ పాదం కనకరత్నానిది. కనకరత్నం తన తమ్ముడు సుబ్బారాయుడి భార్య.

మూడు నెలలుగా షెడ్డుకి వెళ్లలేదు. పెళ్లయి పదిహేనేళ్లయింది, రెండుసార్లు కడుపు నిలవలేదు, ఇక ఆ మాటే ఇంట్లో ఎత్తడం మానేశారు. ఇప్పుడు నిలిచిందన్నమాట! దిష్టి తగులుతుందని చెప్పకుండా దాచుకుంది పిచ్చిపిల్ల. సంతోషం పట్టలేక సువర్చల అక్కడే నిలబడి గంగలంకలో ఉన్న తల్లికి ఫోన్ చేసేసింది. రెండు షరతుల్లో ఒకటి అప్పుడే గంగలో కలిసిందన్న సంగతి ఫోన్ పెట్టేశాక గాని ఆమెకి తట్టలేదు.

*

ఆదివారం సువర్చల పుట్టింటికి వెళ్లేసరికి తల్లి అనంతలక్ష్మమ్మ సున్నుండలు చుడుతోంది. చేతులకి నెయ్యి, కళ్లలో వెలుగు.

"నాకు అనుమానం ఉందే," అంది కూతురితో లోగొంతుతో. "ఈ మధ్య పిల్ల దూరంగా కూర్చోడం లేదు. అడిగితే దిష్టని నోరు కట్టేసుకుని కూర్చున్నాను. నువ్వు ఫోన్ చేశావు, నా ప్రాణం లేచొచ్చింది. దాన్ని మాత్రం ఇంకా కదపలేదు. ఇది నాకు చెప్పకూడదని మళ్లీ ఫోన్ చేసి మరీ అన్నావుగా?"

చెప్పకూడదు మరి. సువర్చల సున్నుండ నోట్లో పెట్టుకుని తల ఊపింది.

సీజను కాబట్టి రత్నానికి ఆదివారమూ పనే. పొద్దువాలాక వచ్చింది. మోచేతుల దాకా కారం ఎరుపు, ఒంటినిండా ఆవఘాటు. పెరట్లో కుళాయి దగ్గర నూనె రాసుకుని చేతులు కడుక్కుంటుంటే సువర్చల పక్కన చేరింది. చేరి, పట్టలేక, భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"ఎన్నో నెలే?"

రత్నం అలాగే వంగి ఉండిపోయింది. చేతుల మీంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏంటండి వదినగారూ?"

"నా దగ్గర కూడానా రత్నం? మూడు నెలలుగా నువ్వు షెడ్డుకి వెళ్లలేదు. చూశాను."

"ఎక్కడ చూశారు?" అంది రత్నం. ఒక్క క్షణం ఆగి తనే అంది. "ఆ చాపలోనా? ఎవరి కాళ్లో తెలవదని చెప్పి పరిచారు గదండి దాన్ని."

భుజం మీద చెయ్యి ఎప్పుడు తీసేసిందో సువర్చలకే తెలియదు.

రత్నం కుళాయి కట్టేసింది. గోడకి ఆనుకుని నిలబడి, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"కడుపూ లేదు, ఏమీ లేదండి. నాకు నెలనెలా వత్తానే ఉంది. నేనే షెడ్డుకి ఎళ్లటం మానేశాను."

"మానేసి?"

"గుడ్డ కట్టుకుని గదిలోనే ఉండి కలిపేశాను. చింతకాయ కలిపాను, మాగాయ కలిపాను, ఇప్పుడు ఆవకాయ కలుపుతున్నాను. ఈ సీజను తెగకుండా చేసేత్తే పర్మనెంటు అయిపోద్దండి. పన్నెండేళ్లయింది నేను చేరి. నా తరవాత వచ్చి బస్తాలు మోసినోళ్లు నా మీద మేస్త్రీలైపోయారు." ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది. "భయపడ్డానండి. మొదట్లో రోజూ జాడీ మూత తీసి వాసన సూసేదాన్ని. ఏమీ అవలేదు. అన్నీ అమ్ముడుపోయాయి."

సువర్చల పెరటి అరుగు మీద కూలబడింది. ఒక్కసారిగా రెండు దుఃఖాలు మీద పడ్డాయి. లేని పసివాడి కోసం ఒకటి. ఇంజనీర్లని చూసి నవ్విన తను, వాళ్లలాగే, ఇంకా తెలివిగా, తప్పు కారణం చెప్పుకున్నందుకు ఇంకొకటి.

"అమ్మకి చెప్పేశాను రత్నం. కడుపని."

రత్నం కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచి, "అందుకా నెయ్యి వాసన," అంది.

"ఇప్పుడే వెళ్లి కాదని చెప్పేస్తాను."

"వద్దండి! కడుపు లేకపోతే షెడ్డుకి ఎందుకెళ్లలేదే అంటారు. అత్తయ్యగారి నోట్లో నువ్వుగింజ నానదు, రేపు పొద్దున్నకల్లా వీరమ్మ పిన్నికి తెలిసిపోద్ది." వీరమ్మ కలిపే గదికి పెద్దచెయ్యి. ఎవరు షెడ్డుకి వెళ్లాలో మొహం చూసి చెప్పేది ఆవిడే, మేనేజరు కాదు. "ఆవిడకి తెలిత్తే గదిలో ఆడాళ్లే నన్ను ఉంచరండి. ఓనరు దాకా ఎందుకు? ఆ మైల చేత్తో మా ఇళ్లల్లో పచ్చళ్లు తినిపించావా అంటారు. ఉద్యోగం ఒక్కటే గాదు, ఊళ్లో తలెత్తుకోలేను." ఆగి, నెమ్మదిగా అడిగింది. "నా అడుగులు అందులోంచి తీసెయ్యడం మీ చేతిలో పనేనా?"

"నా చేతిలో పనే."

"తీసేత్తే?"

"కేసు పోతుంది. ఒక్క గీత చెరిపినా మొత్తం చెల్లదు. మీరంతా ఇలాగే షెడ్డుకి తిరుగుతుంటారు."

లోపలనుంచి అనంతలక్ష్మమ్మ "అమ్మాయ్, కాళ్లు కడుక్కుని రా, వేడిగా తిందువుగాని," అని పిలిచింది. ఆ పిలుపులో ఎన్నడూ లేని గారం.

"తియ్యకండి," అంది రత్నం చివరికి. "పేరు మాత్రం చెప్పకండి. ఇచారణ అయ్యేదాకా అత్తయ్యగారినీ ఇలాగే ఉండనివ్వండి." అని లోపలికి వెళ్లి, అత్తగారు పెట్టిన సున్నుండ మాట్లాడకుండా తింది.

*

ఆ వారమంతా సువర్చల మామూలుగానే తిరిగింది. పిల్లల యూనిఫారాలు ఇస్త్రీకి ఇచ్చింది, మావగారి కళ్లద్దాలు మార్పించింది. ఆఫీసులో తెర ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ తిన్నని గీత దగ్గరికే చూపు పోయేది. ఒక్క మీట నొక్కితే రత్నం బతికిపోతుంది. నొక్కలేదు. నొక్కనందుకు తన మీద గౌరవమూ కలగలేదు. ఆ అడుగులు తెలుసుకునే హక్కు లేని మనిషి తెలుసుకుంది, తెలిసినదాన్ని తప్పుగా చదివింది, చదివినదాన్ని ఊరికే ఉంచుకోక ఒక ముసలిదానికి ఆశపెట్టింది. చాప చెయ్యని ద్రోహం తను చేసింది.

విచారణ ఫ్యాక్టరీలోనే జరిగింది. కొత్త సవరణ ప్రకారం అధికారే పనిచోటికి రావాలి. ప్యాకింగు హాలులో అడుగుచాప పరిచి, దాని మీదే ఆడవాళ్లని వరసగా కూర్చోబెట్టారు. ముందు బల్ల దగ్గర విచారణాధికారి జమీలా గారు, ఒక పక్క శేషాచలం గారు, సువర్చల, తెర. ఇంకో పక్క ఓనరు గోపాలస్వామి గారు, ఆయన ప్లీడరు తారకం గారు.

శేషాచలం గారు గీతలన్నీ చూపించి, నియమావళి చదివి, విజయగర్వంతో కూర్చున్నారు. తారకం గారు తొందరపడలేదు. నీళ్లు తాగి లేచారు.

"అమ్మా, మా క్లయింటు ఎవర్నీ షెడ్డుకి పొమ్మనలేదు. అలా ఆర్డరు గాని, సర్క్యులరు గాని లేదు. వీళ్లంతట వీళ్లు, వాళ్ల నమ్మకం కొద్దీ పోతున్నారు. రుజువు కావాలా? వాళ్ల యంత్రమే చెబుతోంది." తెర మీద తిన్నని గీతని చూపించారు. "ఈవిడ ఒక్కరోజైనా షెడ్డుకి వెళ్లలేదు. ఎవరైనా వెళ్లమన్నారా? లేదు. అంటే ఉండదలుచుకున్నవాళ్లు ఉండొచ్చు. ఇక వివక్ష ఎక్కడుందండీ?"

శేషాచలం గారు ఓనరు చుట్టమన్న తన వాదం ఎత్తబోయి, నిరూపించలేనని గుర్తొచ్చి, కుర్చీలో సర్దుకున్నారు.

జమీలా గారు సువర్చల వైపు తిరిగారు. "ఈ అడుగులు ఎవరివో మీకు తెలుసా?"

"తెలిసినా చెప్పకూడదండి. చట్టం ఒప్పుకోదు."

"ఆవిడ షెడ్డుకి ఎందుకు వెళ్లలేదో చెప్పగలరా?"

"చాప కారణం చెప్పదండి," అంది సువర్చల. ఆ మాట ఇంత చేదుగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"అయితే ఆ గీతని కంపెనీ పక్షానే చదవాల్సి వస్తుంది. నాకు వేరే దారి లేదు," అని జమీలా గారు కలం తీశారు.

అప్పుడు చాప మీద రెండో వరసలో రత్నం లేచింది. లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. సువర్చల వద్దన్నట్టు తల ఊపింది గాని రత్నం ఇటు చూడలేదు.

"ఆ అడుగులు నావేనండి. నన్ను ఎళ్లమనకపోడం కాదండి. నేను చెప్పలేదు. నాకు వచ్చినా రానట్టే ఉండి గదిలోనే కలిపాను. చెప్పుంటే ఆ రోజే పంపేసేవారు. పోయిన ఉగాదికి మా సత్తెవతిని మాగాయ గోలెం దగ్గర్నుంచి రెక్క పట్టుకుని మేనేజరు గారు ఇవతలికి లాగారు, అడగండి. ఇష్టమున్నోళ్లు ఉండొచ్చంటున్నారు ప్లీడరు గారు. ఇష్టమైతే దొంగతనంగా ఎందుకుంటానండి?"

తారకం గారు మళ్లీ నీళ్ల గ్లాసు అందుకున్నారు. ఓనరు గారు మేనేజరు వైపు చూశారు, మేనేజరు నేల చూశాడు.

ముందు వరసలోంచి వీరమ్మ మెల్లిగా వెనక్కి తిరిగింది. "ఏమే రత్నం, మొన్న మా మనవరాలి ఓణీల ఫంక్షనుకి జాడీడు మాగాయ పట్టికెళ్లాను. అదెవరు కలిపారే?"

"నేనే పిన్నీ."

"ఆ రోజుల్లోనా?"

"ఆ రోజుల్లోనే."

వీరమ్మ ముందుకి తిరిగి కూర్చుంది.

జమీలా గారి ఉత్తర్వు చిన్నది. షెడ్డులో చేసిన రోజులన్నీ పాత తేదీలతో సహా కలిపే గది రోజులుగానే లెక్కించాలి. ఏ రోజైనా ఏ మనిషినైనా గదిలోంచి పంపితే జరిమానా కాదు, లైసెన్సే రద్దు. అర్హత ఉన్నవాళ్లని ఈ సీజనులోనే పర్మనెంటు చెయ్యాలి. ఓనరు గారు సంతకం పెట్టారు. శేషాచలం గారు చప్పట్లు కొట్టబోయి, ఇంకెవరూ కొట్టకపోవడంతో చేతులు తుడుచుకుంటున్నట్టు నటించారు.

సువర్చల తెర చూస్తోంది. రత్నం చుక్క తిరిగి తన చోట కూర్చుంది. పక్కనున్న చుక్క కొంచెం అటు జరిగింది. ఇటుపక్కదీ జరిగింది. వెనకాలవి రెండు ఇంకొంచెం వెనక్కి వెళ్లాయి. ఎవరి మొహంలోనూ కోపం లేదు. రత్నం చుట్టూ మాత్రం ఖాళీ నేల కనబడింది. రేపటినుంచి వాళ్లలో ప్రతి ఒక్కరికీ హక్కు సంపాదించి పెట్టింది ఆ మనిషే. అలా పక్కకి జరగడాన్ని ఆపమని ఉత్తర్వు ఇవ్వడానికి ఏ సవరణా లేదు.

సువర్చల లేచింది.

"తెర ఎవరు చూస్తారమ్మా?" అన్నారు శేషాచలం గారు.

"మీరు చూడండి సార్."

చెప్పులు విడిచి, చాప మీదుగా నడిచి, ఆ ఖాళీలో రత్నం పక్కన మోకాలు తగిలేలా కూర్చుంది. రత్నం ఒళ్లో చేతులు పెట్టుకుని ముందుకే చూస్తోంది. గోళ్ల సందుల్లో కారం ఇంకా పోలేదు. సువర్చల ఆ చెయ్యి పట్టుకుంది. ఏడవకూడదనుకుంది గాని ఏడ్చింది.

"మీరు ఇక్కడ కూకోవద్దండి వదినగారూ," అంది రత్నం మెల్లిగా.

"ఎవరేమనుకుంటే నాకేంటి? నేను లేవను."

"అది గాదండి. ఇంకాసేపట్లో ఇక్కడి మాట ఊళ్లోకి పోద్ది. ఎవరో ఒకరు ఇంటికొచ్చి అత్తయ్యగారితో అనేత్తారు. అంతకు ముందే మీరెళ్లి చెప్పాలి."

"నిన్ను ఇలా ఒక్కదాన్నీ వదిలేసి ఎలా వెళ్లనే?"

"నాకేం, నేనుంటాను. మీరు బయల్దేరండి." రత్నం తన చెయ్యి విడిపించుకుని, ఆమె విడిచిన చెప్పుల వైపు చూపించింది. "పొద్దున్న నేను గడప దాటతంటే అత్తయ్యగారు ఎనకాలే వచ్చి, బిడ్డకి పేరు కూడా అనుకున్నానే అని నా చెవిలో చెప్పారండి."